హెడ్మాస్టరు నెత్తిన సాలమాండర్

ఆ శనివారం పొద్దున కృపాకర్ పెట్టుకున్న పని చిన్నదే. ఎనిమిదో తరగతి చదివే కూతురు సోనీ సైన్సు చార్టును మాదన్నపేటలోని బడికి నలగకుండా చేర్చడం. చార్టులో ఒకపక్క హమ్మింగ్‌బర్డ్, ఇంకోపక్క బల్లిలా కనిపించే మచ్చల సాలమాండర్. ఆ పిట్ట గుండె నిమిషానికి వెయ్యిసార్లు కొట్టుకుంటుంది, దీని కాలు తెగితే మళ్లీ మొలుస్తుంది. పాపం, పిల్ల ఒక్కతే కూర్చుని గీసుకుంది. ఈసారైనా సైన్సు పోటీలో ప్రైజు వస్తుందని ఆశ.

"ఉత్త బొమ్మలు ఎవలు చూస్తరు బిడ్డా? పాణమున్నయి పెట్టాలె," అన్నాడు కృపాకర్.

"గవి ఈడ దొరకయి డాడీ!"

"మీ డాడీకి దొరకనిది ఏంది?"

పిట్టలమ్మే ముష్తాక్ ఒక మునియా పిట్టకు ఆకుపచ్చ రంగు పూసి పంజరంలో పెట్టి ఇచ్చాడు. "రంగు పక్కా భాయ్, ఫికర్ నక్కో!" సాలమాండర్ కోసం కృపాకర్ ట్యూబ్‌లైటు వెనక బల్లిని పట్టి, పసుపు చుక్కలు పెట్టి, సీసాలో వేసి మూతికి గుడ్డ కట్టాడు. సోనీ వద్దని ఏడ్చింది. వింటేనా!

బడిలో జనం ఎగబడ్డారు. ఆ సంబరంలో కృపాకర్ పిట్టకు గిన్నెడు నీళ్లు పెట్టాడు. అది హాయిగా స్నానం చేసి గోధుమరంగుకు వచ్చేసింది. ఇదేం వింతని హెడ్మాస్టరు విశ్వేశ్వర్ గారు వంగి చూశారు. పిట్ట రెక్కలు దులిపింది. పచ్చనీళ్లు కళ్లలో పడి ఆయన పంజరాన్ని ఒక్క తోపు తోశారు. పంజరం మీద పెట్టిన సీసా దొర్లి, గుడ్డ ఊడి, బల్లి ఆయన బట్టతల మీద టప్పున పడింది.

నెత్తిన బల్లి పడితే చావు కబురేనని పంచాంగం చూసే హెడ్మాస్టరుకు ఒకరు చెప్పాలా? ఆయన ముఖం పాలిపోయింది.

"కృపాకర్, గిది బల్లా?"

బల్లి అంటే బిడ్డ ప్రైజు పోతుంది. "కాదు సార్... సాలమాండర్."

"బల్లే సార్," అంది సోనీ. "సాలమాండర్‌కు గోర్లుండయి, పొలుసులుండయి. దీనికి రెండూ ఉన్నయి. మా డాడీ ఇంట్ల పట్టిండు."

అందరూ ఘొల్లున నవ్వారు. కృపాకర్‌కు తల కొట్టేసినట్లయింది. బిడ్డ నిజం చెప్పింది, తను అందరి ముందూ అబద్ధమాడాడు. సిగ్గుతో చచ్చిపోతూ చేతులు జోడించాడు.

"తప్పయింది సార్. బల్లే. చార్టు మాత్రం పిల్లది, దాన్ని చూడుండ్రి."

"నోర్ముయ్యి!" అని హెడ్మాస్టరు కసిరారు. "నా నెత్తిన పడ్డది సాలమాండరే! అందరు వినుండ్రి. పాణమున్న సాలమాండర్ తెచ్చినందుకు ఫస్ట్ ప్రైజు!"

చార్టు వైపు ఎవరూ చూడలేదు. చప్పట్ల మధ్య సోనీ కప్పు అందుకుని, నేరుగా వచ్చి తండ్రి చేతుల్లో పెట్టింది.

"నువ్వే పట్టుకో డాడీ. నీదే."

కృపాకర్ తల ఎత్తలేదు. హెడ్మాస్టరు గారు మాత్రం ఎందుకైనా మంచిదని అప్పటికే తలస్నానానికి ఇంటికి వెళ్లిపోయారు.