అయిదు రకాల తూలుడు

సుందర్ రావుకు ఇంగ్లీషు రాకపోయి ఉంటే యాకయ్య ఈపాటికి రైతు అయ్యుండేవాడు. చాయ్ దుకాణంలో పక్కన ఎవరు కూర్చున్నా యాకయ్య ఈ మాట చెబుతాడు. వాళ్లు తలూపుతారు, చాయ్ తాగుతారు, పోతారు. సుందర్ రావు మాత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో టైపు మిషను ముందు ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. అతడికేమీ కాలేదు.

అది 1981 వేసవి, ఒక సోమవారం. యాకయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. అతడి మేనత్త సమ్మమ్మకు పిల్లల్లేరు, భర్త పోయాడు. నర్సంపేట దారిలో బావి కింద కొంత పొలం ఉంది. పదకొండేళ్లుగా ఆమె వరంగల్‌లో యాకయ్య ఇంట్లోనే ఉంటోంది. పొలం నీకే రాసిస్తానని ఉగాది నాడు నలుగురి ముందు చెప్పింది కూడా. కాకపోతే ఆఫీసుకు ఇరవై రెండు మెట్లున్నాయి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఎక్కనంది. రాలేనివాళ్ల ఇంటికి రిజిస్ట్రారే వచ్చి వేలిముద్ర తీసుకుంటాడని, దానికొక దరఖాస్తు పెడితే చాలని ఎవరో చెప్పారు. పదింటికి దరఖాస్తు ఇచ్చేసి, పన్నెండింటికి గోదాములో బస్తాలు మోయడానికి పోవచ్చని యాకయ్య లెక్క.

ఆమె ఎందుకు రాలేదని, దరఖాస్తు ఇంగ్లీషులో కొట్టే సుందర్ రావు అడిగాడు, యాకయ్య చెప్పాడు. అత్త మంచం మీంచి లేస్తే తూలుతది. ఇంటి కడప దాటితే తూలుతది. బిందె ఎత్తితే తూలుతది. వాకిట్లోకి పోయేటప్పుడు తూలుతది, వచ్చేటప్పుడూ తూలుతది. నాలుగో తరగతిలో బడి మానేసినవాడికి ఆ ఒక్క మాట సరిపోయింది. సుందర్ రావుకు సరిపోలేదు. ఒకే కాగితంలో ఒకే మాట రెండోసారి రాయడం అతడి దృష్టిలో ఎంగిలి విస్తట్లో వడ్డించడం లాంటిది.

"అయిదు సార్లు తూలుతదని కొడితే సాబు ఏమనుకుంటడే? వీనికి ఇంగ్లీషుల ఒక్కటే మాట వచ్చనుకుంటడు," అన్నాడు.

అందుకని సమ్మమ్మ మంచం దగ్గర టాటర్ అయింది, గడప దగ్గర స్టాగర్ అయింది, బిందెతో లర్చ్ అయింది, వాకిట్లోకి రీల్ అవుతూ వెళ్లి వాబుల్ అవుతూ తిరిగొచ్చింది. చదివి వినిపిస్తే మంత్రం చదివినట్టే ఉంది. యాకయ్య సంతోషంగా సంతకం పెట్టి, లోపల ఇచ్చి, పనికి పోయాడు.

రిజిస్ట్రారు వీరభద్రం నిక్కచ్చి మనిషి. కాగితంలో హద్దు దగ్గర వేపచెట్టు అని ఉంటే, ఆ చెట్టు సంగతి తేలేదాకా సంతకం పెట్టడు. ఆయన లెక్కలో అయిదు మాటలున్నాయంటే అయిదు సంగతులుండాలి. ఎర్ర పెన్సిలుతో అయిదింటి కిందా గీతలు గీశాడు. ఇన్ని రకాలుగా కదిలే మనిషికి దానపత్రం రాసే తెలివి ఉందా అని పక్కన రాశాడు. గురువారం పదకొండింటికి స్వయంగా వచ్చి అన్నీ కళ్లారా చూస్తానని కబురు పంపాడు.

యాకయ్య పరుగున సుందర్ రావు దగ్గరికి పోయి, అన్నీ తీసేసి ఒక్క తూలుడు పెట్టి మళ్లీ కొట్టమన్నాడు. దాఖలైన కాగితం మార్చడానికి లేదన్నాడు సుందర్ రావు.

"అయిదుల ఒక్కటి తక్కువైనా దరఖాస్తు అబద్ధమైతది. అబద్ధానికి పొలం రాదు, కేసు వస్తది. నువ్వు ఫికర్ జెయ్యకు, నేనొచ్చి నేర్పుత."

బుధవారం పొద్దున్నే వచ్చాడు. సమ్మమ్మ మిరపకాయలు ఎండబోయడానికి వీధి చివరికి పోయింది. ముందు యాకయ్య నేర్చుకోవాలి, తర్వాత ఆమెకు మెల్లగా చెప్పాలి. టాటర్ అంటే అప్పుడే నడక వచ్చిన పిల్ల. స్టాగర్ అంటే మోయలేని బస్తా వీపు మీద పడ్డవాడు. లర్చ్ అంటే బస్సు గుంజినప్పుడు నిలబడి ఉన్నవాడు. రీల్‌కు తల తిరగాలి. వాబుల్‌కు సొట్టపోయిన సైకిలు చక్రాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు. ఇద్దరూ వాకిట్లో గంటసేపు తిరిగారు. స్టాగర్ యాకయ్యకు మొదటిసారికే వచ్చేసింది, అది అతడి రోజువారీ పనే గనక.

గోడ మీంచి పక్కింటి మొగిలమ్మ చూసింది. "పొద్దుగాల్నే ఏసుకున్నరా అన్నా?" అని అడిగింది. ఆ మాట విని యాకయ్య భార్య మల్లక్క బయటికొచ్చి, ఇద్దరిచేతా ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు తాగించింది. పరువు కాపాడుకోవడానికి యాకయ్య, మేం తాగలేదు, అత్త నడక ఇట్లుంటది, అదే చూపిస్తున్నాం అన్నాడు. సమ్మమ్మకు అంత మీదికొచ్చిందా అని మొగిలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. సాయంత్రం నర్సంపేట బస్సెక్కినవాళ్లెవరో ఆ వార్తను వెంట తీసుకుపోయారు.

గురువారం పదింటికల్లా నర్సంపేట నుంచి మొండయ్య దిగాడు. సమ్మమ్మ ఇంకో అన్న కొడుకు. మూడేళ్లుగా ఇటు తొంగి చూడనివాడు. భుజం మీద తువ్వాల వేసుకుని, దారి పొడుగునా ఏడుపుకు సిద్ధమై వచ్చాడు. చూస్తే అత్త అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వచ్చినందుకు కాసేపు ఏడ్చాడు.

ఈ గోలలో యాకయ్య అత్తకు నేర్పిందేమీ లేదు. సాబు వచ్చినప్పుడు జర మెల్లగా లేవమన్నాడంతే. ఎందుకురా అంటే ఊకెనే అన్నాడు.

వీరభద్రం సైకిలు మీద సరిగ్గా పదకొండింటికి వచ్చాడు, వెనకాల సుందర్ రావు. వాకిలి నిండా జనం. ఆయన దరఖాస్తు విప్పి, మొదటిది టాటర్, కానివ్వండి అన్నాడు. అదేందని సమ్మమ్మ అడిగింది. తన కాగితానికి తానే జవాబుదారీ అనుకునే మనిషి గనక సుందర్ రావు నడిచి చూపించాడు. తర్వాత రెండోది. అలా అయిదూ చూపించాడు. మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సమ్మమ్మ చేట పక్కన పెట్టి, ఆఖరిదాకా రెప్ప వేయకుండా చూసింది.

"నేను గట్లనే నడుస్తనారా?" అని యాకయ్యను అడిగింది.

యాకయ్య నేల చూశాడు. కాదంటే కేసు, అవునంటే అత్త.

"నువ్వు జెప్పురా మొండయ్యా."

"నీ నడకకేం తక్కువ అత్తా? మా నర్సంపేట బస్సు నీ అంత సక్కగ పోతదా?" అన్నాడు మొండయ్య.

సమ్మమ్మ లేచింది. చెప్పులు వేసుకుంది. "నడుస్తాంటెనే పడ్డదని రాయించినోడు, పండుకుంటె పోయిందని రాయిస్తడు," అని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వీధిలోకి నడిచింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మైలు దూరం. వెనక సైకిలు తోసుకుంటూ వీరభద్రం, ఆయన వెనక మొండయ్య, అందరికంటే వెనక యాకయ్య. మెట్లు ఇరవై రెండూ గోడ పట్టుకోకుండా ఎక్కింది. కాగితంలో రాసిన అయిదింట్లో ఒక్కటీ కనిపించలేదని, కాబట్టి తెలివికి లోటు లేదని వీరభద్రం ఒప్పుకున్నాడు. మొండయ్య పేరున దానపత్రం వరండాలోనే తయారైంది. కొట్టింది సుందర్ రావే. అందులోనూ ఏ మాటా రెండోసారి పడలేదట.

పని ముగించుకుని సమ్మమ్మ యాకయ్య ఇంటికే తిరిగొచ్చింది. మొండయ్య బస్సెక్కిపోయాడు. ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుని, "మల్లక్కా, కాళ్లు గుంజుతానయి, జర నూనె వెచ్చజెయ్యి," అంది. మల్లక్క మొగుడి వైపు చూసింది. యాకయ్య పోయి పొయ్యి అంటించాడు.

అతడికి పోయింది, బావితో సహా, ముప్పై ఒక్క గుంటల పొలం.