గోళ్ళు ఆరేదాకా

స్త్రీల స్వయం ఉపాధిని మా నివాసుల సంక్షేమ సంఘం మనస్ఫూర్తిగా బలపరుస్తుందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. తీర్మానం ఏకగ్రీవం. సభ్యులందరం మగవాళ్ళమే కాబట్టి అభిప్రాయభేదానికి తావు లేకపోయింది. కార్యదర్శిగా ఆ తీర్మానం రాసింది నేనే. అందువల్ల తర్వాత జరిగినదానికి సంజాయిషీ రాసుకోవలసిందీ నేనే.

మా భవనం గేటు పక్క గదిలో ప్లంబరు కాపురం ఉంటాడు. అతనికో మరదలు. బజారులో ఒక బ్యూటీ పార్లర్లో ఐదేళ్ళపాటు వచ్చేపోయేవాళ్ళ గోళ్ళు దిద్దింది. రోజుకి పది గంటల పని. బాత్‌రూమ్‌కి వెళ్ళినా అక్కడి యజమానురాలు గడియారం చూసేదట. ఒకరోజు ఆ అమ్మాయి బాత్‌రూమ్ నుంచి తిరిగొచ్చి, తనూ ఆ గడియారం కేసి ఒకసారి చూసి, చెప్పులేసుకుని ఇంటికొచ్చేసింది. ఇక ఇంటింటికీ వెళ్ళి గోళ్ళు దిద్దే వ్యాపారం పెట్టుకుంటానంది. అక్క ఏడ్చింది. బావ నవ్వి, తన పాత స్కూటర్ తాళం చేతిలో పెట్టాడు.

"మూడు నెలలు టైమిస్తున్నా మరదలా. నిలదొక్కుకున్నావా, బండి నీదే. లేదా, నోరు మూసుకుని మళ్ళీ ఆ పార్లర్‌కే పోవాలి. మాటేనా?"

"మాటే బావా. ఓడిపోతే పోతాను గానీ, నోరు మూసుకోవడం మాత్రం నావల్ల కాదు."

పెట్టుబడి వివరాలు రికార్డు కోసం రాస్తున్నాను. బావ స్కూటర్ ఒకటి. బావదే తుప్పుపట్టిన పనిముట్ల పెట్టె ఒకటి. అందులో రెంచీలు తీసేసి ఆకురాళ్ళు, కత్తెరలు సర్దింది. చేతులు నానబెట్టడానికి అక్క వంటింట్లోని స్టీలు గిన్నె. నాలుగు ముక్కలు చేసిన తువ్వాలు ఒకటి. చెయ్యి లోపల పెడితే నిమిషంలో రంగు ఆరిపోయే దీపం ఒకటుంటుందట, దానికి మాత్రం స్తోమత చాలలేదు. మూతపడుతున్న ఒక దుకాణంలో గోళ్ళ రంగులు అట్టపెట్టెడు కారుచౌకగా దొరికాయి. అంత చౌక ఎందుకో మొదటి గిరాకీ ఇంట్లోనే తెలిసింది. ఆ రంగు ఆరు గంటలైనా ఆరదు.

మొదటి గిరాకీ మూడో అంతస్తు లెక్కల మాస్టారి భార్య. పది వేళ్ళకీ రంగు పూర్తయ్యాక పిల్ల బిక్కచచ్చిపోయి చెప్పింది. "ఆంటీ, ఏమీ అనుకోకండి. సాయంత్రందాకా చేతికి నీళ్ళు తగలకూడదు. గిన్నెలు ముట్టుకోకూడదు. మరి తర్వాతసారి మంచి రంగు తెస్తాను."

ఆవిడ తన పది వేళ్ళనీ ఓసారి చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇంకోసారి చెప్పమ్మా?"

పిల్ల మళ్ళీ చెప్పింది.

"కాస్త గట్టిగా చెప్పు తల్లీ. మాస్టారు లోపల గదిలో ఉన్నారు."

ఆ పూట గిన్నెలు మాస్టారు తోమారు. వారం తిరక్కుండా భవనంలో పద్నాలుగు ఇళ్ళలో గోళ్ళు తడిగా ఉన్నాయి.

మమ్మల్ని అపార్థం చేసుకోకండి. మేం మర్యాదస్తులం. మా భవనంలో ఆడవాళ్ళకి జ్వరమొస్తే సెలవు లేదు, మాత్ర ఉంది. నడుం నొప్పికైతే మాత్ర కూడా లేదు, అది ఎప్పుడూ ఉండేదే కనక. కానీ తడి రంగు విషయంలో మా సంస్కారం వేరు. గోడకి రంగేస్తే ఆరేదాకా ఆనుకోని పెంపకం మాది. "నాకు ఒంట్లో బాగాలేదండీ" అంటే పేపరు మడవని మగవాడు, "ముట్టుకోకండి, రంగు తడి!" అనేసరికి లేచి నిలబడ్డాడు.

ఫలితాలు ఘోరంగా ఉన్నాయి. సంఘం లెక్కల్లో చిల్లర పైసా కూడా తప్పిపోనివ్వని కోశాధికారి, సొంత వంటింట్లో ఉప్పు డబ్బా కోసం గంటసేపు వెతికాడు. లెక్కల మాస్టారు తెల్లచొక్కాలు, ఎర్ర దుప్పటి కలిపి ఉతికి, బడికి వారం రోజులు గులాబీరంగు చొక్కాలో వెళ్ళారు. నా సంగతి చెప్పుకోకూడదు గానీ, గ్లాసుడు బియ్యానికి నీళ్ళెన్ని పోయాలో తెలియక పక్కింటి తలుపు కొట్టాను. తలుపు తీసిన పక్కింటాయన చేతిలోనూ గిన్నె ఉంది. ఆయన నా దగ్గరికే బయల్దేరుతున్నాడు.

అత్యవసర సమావేశం పెట్టాం. ఆ వ్యాపారాన్ని నిషేధించాలని కోశాధికారి ప్రతిపాదించాడు. కానీ మేమే బలపరచిన తీర్మానం ఫైల్లో ఉంది. మింగలేం, కక్కలేం. అప్పుడు అధ్యక్షులవారు లేచారు. వారు ముప్పై ఐదేళ్ళు ఒక కార్యాలయంలో సంతకాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు.

"సోదరులారా! గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆ బిడ్డ వెనకబడి ఉంది. ఎందుకు వెనకబడి ఉంది? ఆధునిక పరికరం లేక! ఆ దీపమేదో మనమే కొనిద్దాం. ఆమె వ్యాపారం వెలుగుతుంది, రంగు నిమిషంలో ఆరుతుంది, మన ఇళ్ళు మనకి దక్కుతాయి. దీన్నే నేను సాధికారత అంటాను!"

మేం చంకలు గుద్దుకున్నాం. లిఫ్టు మరమ్మతుకి దాచిన సొమ్ముతో దీపం, దానికి సరిపడే రంగుల సెట్టు కొన్నాం. సభ పెట్టాం. పూలగుత్తి ఇచ్చాం. అధ్యక్షులవారు ముప్పావుగంట మాట్లాడారు. స్త్రీ దీపం లాంటిదనీ, ఆ దీపం చేతికే ఈ దీపాన్ని అందిస్తున్నామనీ, దాని ప్లగ్గు మాత్రం జాగ్రత్తగా పెట్టుకోవాలనీ సెలవిచ్చారు. ఎన్నాళ్ళుగానో ఆశపడ్డ వస్తువు కావడంతో పిల్ల దాన్ని గుండెలకి హత్తుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మగవాళ్ళందరం చప్పట్లు కొట్టాం. ఆడవాళ్ళు కొట్టలేదు. గోళ్ళు తడిగా ఉన్నాయి కాబోలనుకున్నాం.

మర్నాడే మాస్టారి భార్య దీపం కింద చెయ్యి పెట్టి తీసింది. రంగు తళతళలాడుతూ రాయిలా ఆరిపోయింది. "అయిపోయిందా? అయితే ఇటురా, గిన్నెలున్నాయి!" అని మాస్టారు లోపల్నుంచి కేకేశారు.

ఆ తర్వాత ఆ పిల్లని పిలిచినవాళ్ళు లేరు. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. గేటు దగ్గర స్కూటర్ దుమ్ము కొట్టుకుపోయింది. చివరికి బావ రోజూ పొద్దున్నే దాన్ని తుడవసాగాడు, మళ్ళీ తనదయ్యే బండికి అలవాటు పడుతున్నట్టు. "వచ్చేస్తే పాత జీతమే ఇస్తా" అని పార్లర్ యజమానురాలు కబురంపింది. గడువుకి ఇంకా పదిరోజులుంది. పిల్ల మెట్లమీద కూర్చుని, ఒళ్ళో ఆ దీపం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కూరగాయల సంచితో వస్తున్న మాస్టారి భార్య ఆగి, పక్కన చతికిలబడింది.

"పిచ్చిమొహమా, మేం నిన్ను రంగు కోసం పిలిచామనుకున్నావా?" అందట.

మర్నాడు పొద్దున్న పిల్ల మా ఆఫీసు గదికొచ్చింది. "సెక్రటరీ గారూ, దీపం ఇచ్చి పుణ్యం కట్టుకున్నారు. గిరాకీలకి జాగ్రత్తల కార్డొకటి ఇవ్వాలి సార్. మీ ప్రింటర్‌లో ఓ వంద కొట్టించి, సీలేసిస్తే గౌరవంగా ఉంటుంది."

కొట్టించి ఇచ్చాను. సీలు కూడా వేశాను. చదివావా అని మీరడగొచ్చు. కార్యదర్శి చదవడం మొదలుపెడితే సంతకాలు ఎవరు పెడతారు? కార్డు మా ఫ్రిజ్ మీదికి వచ్చాకే చదివాను. అందులో ఇలా ఉంది:

"దీపం కింద ఆరినది పైపొర మాత్రమే. లోపలి పొర కుదురుకోవడానికి ఇరవై నాలుగు గంటలు పట్టును. ఈ కాలంలో నీళ్ళు, సబ్బు, పొయ్యి సెగ, చీపురు మరియు భర్తగారి కేకలు తగలరాదు. ఆమోదించినది: నివాసుల సంక్షేమ సంఘం."

ఆరు గంటలు పోయి ఇరవై నాలుగైంది. కేకలకీ గోళ్ళకీ ఏమిటి సంబంధమని లెక్కల మాస్టారు సమావేశంలో నిలదీశారు. అధ్యక్షులవారు కార్డుని వెలుతురుకేసి పట్టి, సీలు మీద వేలు రాశారు. "గుండ్రంగా, స్పష్టంగా పడింది. సీలు పడ్డాక సందేహం క్రమశిక్షణా రాహిత్యం" అన్నారు. వారు ఆ మధ్యాహ్నం ఇల్లు తుడిచారు.

మూడు నెలల గడువు ఒక మంగళవారం ముగిసింది. బావ స్కూటర్ కాగితాలు మరదలి చేతికిచ్చి, రెంచీలు సంచిలో వేసుకుని నడిచి వెళ్ళాడు. ఆ తర్వాతి ఆర్నెల్లలో పక్క భవనాల నుంచి కూడా పిలుపులు వచ్చాయి. పిల్ల తక్కువ ఖర్చుతో వ్యాపారం నడిపే తీరు చూసి కోశాధికారి సైతం ముక్కున వేలేసుకున్నాడు. ఆర్నెల్లుగా ఒక్క రంగు సీసా కూడా కొనలేదట! పొదుపంటే అలా ఉండాలని మా వార్షిక నివేదికలో ప్రత్యేకంగా ప్రశంసించాను.

నిన్న సాయంత్రం మా ఆవిడకి టీ కలిపి తీసుకెళ్ళాను. కార్డు అమల్లో ఉంది. ఆవిడ గ్లాసు అందుకుంటుంటే, ఎందుకో చేతికేసి చూశాను. గోళ్ళు బోసిగా ఉన్నాయి.

"ఇదేమిటి? రంగేదీ?"

"ఏ రంగండీ?"

"కార్డుంది కదా ఫ్రిజ్ మీద!"

"కార్డు ప్రతివారం కొత్తదిస్తుందండీ. రంగేసుకోవడం ఎప్పుడో మానేశాం. ఆ అమ్మాయి వస్తుంది, తలుపు గడియపెడుతుంది, నేను ఓ గంట హాయిగా పడుకుంటాను. అది కుర్చీలో కూర్చుని కాపలా కాస్తుంది. లేచాక డబ్బులిస్తాను, కార్డిస్తుంది. గురక పెడతానని కూడా చెప్పింది, మీరెప్పుడూ చెప్పలేదు."

"ఇది మోసం కాదుటే?"

"ఆర్నెల్లుగా ఈ చేతికే టీ ఇస్తున్నారు" అంది ఆవిడ, చెయ్యి చాపి. "దాచుకున్నానా?"

నాకు నిజంగా సిగ్గేసింది. అయితే సిగ్గు వ్యక్తిగతం, విచారణ సంఘానిది. ఇవాళ పొద్దున్నే మిగతా పదకొండు మంది సభ్యులకీ రహస్య సర్క్యులర్ పంపాను: మీ ఇంట్లో ప్రస్తుతం గోళ్ళకున్న రంగేమిటో తక్షణం తెలుపగలరు. అర్ధగంటలో అందరి జవాబులూ వచ్చేశాయి. ఏడుగురు ఎరుపు అన్నారు. ముగ్గురు గులాబీ అన్నారు. అధ్యక్షులవారు "గతంలో ఉన్నదే" అని రాసి సంతకం చేశారు. ఒక్కరూ కుర్చీలోంచి లేచి చూసిన దాఖలా లేదు. అందిన సమాచారాన్నిబట్టి అంతా సవ్యంగానే ఉందని ఫైలు మూసేశాను.

నవ్వుతున్నారా? నవ్వండి. ఇప్పుడు మీ ఆవిణ్ణి పిలవకుండా, లేచి లోపలికి వెళ్ళకుండా, మీ ఇంట్లో ఏ రంగో చెప్పండి.