నూట యాభై అడుగుల తీగ

ఆదివారం పొద్దున పదింటిలోపు అత్తగారి గదికి బెల్లు బిగించేసి, ఇక సాయంత్రందాకా కాళ్ళు చాపుకుని పడుకోవాలన్నది ప్రూఫ్‌రీడర్ వేసుకున్న పథకం. అత్తగారు మూడు రోజుల క్రితం స్నానాలగదిలో జారిపడ్డారు. మడమ ఎముక చిట్లింది. కాలికి కట్టుతో కూతురింటికి వచ్చి, హాలుకు ఆనుకుని ఉన్న వెనక గదిలో మంచమెక్కారు. ఆనుకుని అన్నమాటే గానీ, ఆ గది గుమ్మం పెరటివైపుంది. మధ్యలో మూరెడు మందం గోడ. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినా ఆవిడ ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాదు. పక్కగదికి ఫోన్ చేయడమంటే ఆవిడకు నవ్వులాట.

గోడకు చిన్న కన్నం పెడితే ఆరడుగుల తీగతో పని అయిపోయేది. ఆ మాట అనగానే భార్య ఉలిక్కిపడింది.

"కన్నమా? మొన్నేగా రంగులు వేయించాం! గోడమీద గీత పడినా ఊరుకోను. అసలా తీగ నా కంటికి కనపడకూడదు."

అందువల్ల అత్తగారి మంచం పక్క మీటనుంచి బయల్దేరిన తీగ కిటికీలోంచి బయటికి దూకి, పెరటిగోడ వెంట పాకి, డాబా ఎక్కి దిగి, ఇల్లంతా ప్రదక్షిణ చేసి హాల్లోని బెల్లుకు చేరింది. కొన్న చుట్ట నూట యాభై అడుగుల జంట తీగ. మిగిలిన నలభై అడుగులూ కోయడానికి చేతులు రాక, చుట్ట చుట్టి సోఫా వెనక దాచాడు. బిగించకముందు బెల్లును భోజనాల బల్లమీద పరీక్షించాడు. రెండు బ్యాటరీలకే గణగణ మోగింది. బిగించాక మాత్రం పరీక్షించలేదు. అత్తగారు కునుకు తీస్తున్నారు, లేపడమెందుకని పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

పదకొండున్నరకు తల్లికి మందులివ్వడానికి వెళ్ళిన భార్య, ఎర్రబడ్డ ముఖంతో తిరిగొచ్చింది.

"అమ్మ ఎన్నిసార్లు నొక్కిందో తెలుసా? ఇరవై సార్లు! మంచినీళ్ళ కోసం!"

ప్రూఫ్‌రీడర్ చేతిలోంచి పేపరు జారిపోయింది. "మోగలేదే! ఒట్టు, ఇక్కడే కూర్చున్నాను!"

బ్యాటరీలు నకిలీవి అనుకున్నాడు. వీధి చివరి కిరాణాకొట్టుకు పరుగెత్తి ఇంకో రెండు తెచ్చి కలిపాడు. చెవి ఆనించి వింటే లోపల దోమ దగ్గినట్టు ఏదో కదిలింది. మళ్ళీ పరుగెత్తి ఇంకో నాలుగు తెచ్చాడు. మొత్తం ఎనిమిదీ పెట్టాక బెల్లు ఒక్కసారి "క్ర్..." అని ఊరుకుంది. ఆ "క్ర్" దగ్గర చెవి పెట్టి నిలబడి ఉండగానే గేటు ముందు కారు ఆగింది. బావమరిది దిగాడు. చేతిలో ఖాళీ సూట్‌కేసు.

"అక్కా, అమ్మ బట్టలు సర్దు. మా ఇంటికి తీసుకెళ్తున్నా."

"ఏమైందిరా?" అంది అక్క, నోరు తెరిచి.

"అమ్మ ఫోన్ చేసింది. 'ఇక్కడ నేనెంత నొక్కినా పలకడం లేదురా. దూరం బాగా పెరిగిపోయింది. దూరం పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతోంది. నువ్వు వెంటనే రా' అంది. ఆపైన వినలేక పెట్టేశాను." బావవైపు తిరిగాడు. "మూడ్రోజులకే అంత దూరం పెంచేశారా బావగారూ?"

"నిరోధమా? నేనేం నిరోధించాను?" అన్నాడు ప్రూఫ్‌రీడర్. ఇన్నేళ్ళలో అత్తగారికి ఎదురు మాట అనలేదు. కాఫీలో పంచదార ఎక్కువైనా తాగేశాడు.

భార్య కూడా అనుమానంగా చూసింది. "నిన్న అమ్మ గదికి వెళ్ళి ఏమన్నారు?"

"దుప్పటి కావాలా అన్నాను."

"ఏ గొంతుతో అన్నారు?"

ఆయన బదులిచ్చేలోపు బావమరిది కళ్ళు సోఫా వెనక్కి పోయాయి. "అదుగో! తీగంతా అక్కడ దాచేశారు! ఇంక బెల్లెలా మోగుతుంది?"

భార్య ఏడుపు లంకించుకుంది. సూట్‌కేసు ముందు, దాని వెనక బావమరిది, వెనకాల కళ్ళు తుడుచుకుంటూ భార్య, అందరికన్నా వెనక నేరస్థుడిలా ప్రూఫ్‌రీడర్ పెరటి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళారు.

"అమ్మా, ఇక పద. ఈ ఇంట్లో ఒక్క క్షణం ఉండక్కర్లేదు."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని కొడుకును ఎగాదిగా చూశారు. "ఎక్కడికిరా? అదలా ఉంచు. లావు తీగ తెచ్చావా?"

"లావు తీగా?"

"చెప్పేది వినకుండా పెట్టేశావుగా! తీగ పొడవు పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుందని నీకు తొమ్మిదో క్లాసులో నేనే చెప్పాను. అప్పుడూ ఇంతే, సగం పాఠంలోనే లేచిపోయేవాడివి." అల్లుడివైపు తిరిగి మెత్తగా అడిగారు. "తీగ ఎన్నడుగులు వేశారు, అల్లుడుగారూ?"

"నూట యాభైయండీ."

"పోవడానికి నూట యాభై, రావడానికి నూట యాభై. వెంట్రుకంత తీగలో మూడొందల అడుగులు తిరిగొచ్చాక కరెంటుకు గంట కొట్టే ఓపికెక్కడుంటుంది? తీగ లావైనా పెంచాలి, పొడవైనా తగ్గించాలి."

ఎలక్ట్రికల్ షాపు ఆదివారం తీయరు. అందరూ భార్యవైపు చూశారు. ఆమె కొత్త రంగు గోడను ఒకసారి నిమిరింది. "కొట్టండి," అని అటు తిరిగి నిలబడింది.

చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా సుత్తి, ఉలి బావమరిదే అందుకున్నాడు. వేలు పట్టే కన్నం చాలన్నా వినకుండా పిడికిలి పట్టేంత కొట్టాడు. ఆరడుగుల తీగ కోసి కలిపారు. ఎనిమిది బ్యాటరీల సంగతి ఒక్కరికీ గుర్తులేదు.

ముగ్గురూ హాల్లో బెల్లు ముందు నిలబడ్డాక, గోడ అవతల అత్తగారు మీట నొక్కారు.

ఇంట్లోకి ఫైరింజను దూరినంత మోత మోగింది. బావమరిది సోఫామీద పడ్డాడు. భార్య రెండు చెవులూ మూసుకుంది. బెల్లు మూత ఎగిరి ఎక్కడో పడింది, లోపలినుంచి సన్నగా పొగ లేచింది. మోత ఆగిపోయింది.

"ఎన్ని బ్యాటరీలు పెట్టారు?" అన్నారు అత్తగారు, ఎప్పటి గొంతుతోనే.

"ఎనిమిదండీ," అని గొణిగాక ప్రూఫ్‌రీడర్ ఆగిపోయాడు. ముగ్గురూ ఒకేసారి కన్నంవైపు చూశారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా ఆవిడ మాట పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, మంచినీళ్ళు కావాలా?" అంది భార్య, అక్కడినుంచే.

"తే తల్లీ."

ఇక బెల్లెందుకు? మాడిన బెల్లును, నూట నలభై నాలుగు అడుగుల తీగను ప్రూఫ్‌రీడర్ సంచిలో కట్టి అటకెక్కించాడు. బావమరిది ఖాళీ సూట్‌కేసుతో వెళ్ళిపోయాడు. సాయంత్రం టీ తాగుతూ, ప్రూఫ్‌రీడర్ భార్య చెవి దగ్గరికి వంగి వీలైనంత చిన్నగా అడిగాడు.

"ఇంతకీ మీ అమ్మగారు ఎన్నాళ్ళుంటారంటావ్?"

"ఆరు వారాలు," అంది గోడ.