ఎనిమిది మార్కుల ఉత్తరం

భాషలు రెండు రకాలు: మాట్లాడుకునేవి, మార్కులు వేసేవి. తమిళనాట తిరువళ్లూరు చుట్టుపక్కల ఫ్రెంచి రెండో రకానిది. ప్లస్ వన్ (పదకొండో తరగతి) ఫారంలో తమిళం, ఫ్రెంచి అని రెండు గడులుంటాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే తిరుత్తణి కుటుంబాలు తడుముకోకుండా ఫ్రెంచికి టిక్కు పెడతాయి. (ఇంట్లో మాట్లాడే భాషకు గడి లేదు. ఉండాలని ఎవరూ అడగలేదు.)

దీపిక తండ్రి ధనకోటి కాక్కళూరు ఫ్యాక్టరీలో ఫిట్టరు. కంపెనీ బస్సు రోజూ ఆమె బడి ముందునుంచే పోతుంది. ప్లస్ టూ అర్ధసంవత్సర పరీక్షలో ఫ్రెంచిలో సెంటం, అంటే నూటికి నూరు, కొట్టినవాళ్ల ఫోటోలు గేటు దగ్గర ఫ్లెక్సుకి ఎక్కుతాయి. బస్సులో అందరికీ కూతురి మొహం చూపించాలని ధనకోటి ఆశ. ఏదీ నోరు తెరిచి అడగని నాన్న అడిగిన ఒకే ఒక్క కోరిక కనుక దీపికకు అది చాలా పెద్దది.

ఫ్రెంచి చెప్పే హేమనాథ్ సార్‌ది శాస్త్రీయ పద్ధతి. నిబంధన ఒకటి: అర్థం చేసుకోవడానికి టైం పడుతుంది కనుక చేసుకోరాదు. రెండు: గైడులోని అయిదు ఉత్తరాలూ కామాలతో సహా బట్టీ పట్టాలి. మూడు: ప్రశ్నలో ‘ఆహ్వానం’ కనిపిస్తే మూడో ఉత్తరం దించేయాలి. ఆ ఉత్తరం స్నేహితులను మంచు కొండలకు రమ్మంటుంది. (ఎండలు మండే మింజూరు నుంచి వచ్చే పిల్లల పెరట్లో కూడా మోకాలి లోతు మంచు పడుతుంది. ఇంతవరకు ఎవరికీ జలుబు చేయలేదు.)

దీపిక చేసిన తప్పు ఒక్కటే. తిరుత్తణి నుంచి బడికి వచ్చేటప్పుడు రోజూ రైల్లో పొద్దుపోక గైడు వెనకున్న పదాల అర్థాలు చదివేది. రెండు నెలల్లో చేయి దాటిపోయింది. పరీక్షలో ‘మీ ఊరికి స్నేహితురాలిని ఆహ్వానించండి’ అన్న ప్రశ్న ఆమెకు అర్థమైపోయింది. ఆడికృత్తిక పండక్కి తన అవ్వ రంగనాయకమ్మ పాలకుండ నెత్తిన పెట్టుకుని, దారికడ్డం వచ్చినవాళ్లను తిట్టుకుంటూ తిరుత్తణి మురుగన్ కొండ మెట్లన్నీ ఎక్కుతుందనీ, వచ్చి చూడమనీ రాసింది. ఎనిమిదికి సున్నా. మొత్తం తొంభై రెండు.

ధనకోటి సగం రోజు లీవు పెట్టి బడికి వచ్చాడు.

“పాప తప్పు రాసిందా సార్?”

“తప్పు ఒక్కటీ లేదన్నా. డిక్షనరీ పెట్టుకొని నేనే చదివినాను. శానా బాగుంది.”

“మరి సున్నా ఏంది సార్?”

“ఆన్సర్ కీలో మంచు ఉంది కదన్నా. ఈ పాప మెట్లు రాసింది.”

“మా ఊర్లో మంచు యాడుంది సార్?”

హేమనాథ్ చెడ్డవాడు కాదు. ఆ మాట మనసులో గుచ్చుకుని ప్రిన్సిపాల్ దగ్గర గట్టిగా పోట్లాడాడు. భాషా మూల్యాంకన సమన్వయ సంఘం (ప్రిన్సిపాల్, డ్రిల్లు సార్) అత్యవసరంగా సమావేశమైంది. ఉత్తరం అద్భుతమని తీర్మానించింది. దాన్ని ఆరో ఉత్తరంగా గైడులో చేర్చింది, కీ మార్చింది. పాత మార్కులు మాత్రం మారవు. జనవరి రివిజన్‌లో సెంటం వస్తే దీపిక ఫోటోను ఫ్లెక్సు మూలన అతికిస్తారు. ఆ నెలంతా ధనకోటి బస్సులో గేటు వైపు కిటికీ పక్కనే కూర్చున్నాడు.

రివిజన్‌లో అదే ప్రశ్న వచ్చింది. తరగతిలోని మిగతా నలభై మందీ తమ అవ్వ రంగనాయకమ్మ పాలకుండతో తిరుత్తణి కొండ ఎక్కుతుందని రాశారు. మింజూరు అవ్వ కూడా ఎక్కింది. అందరికీ ఎనిమిదికి ఎనిమిది.

దీపిక కూడా అవ్వ గురించే రాసింది. అయితే కొత్త సంవత్సరం మెట్ల పూజ నాడు అవ్వకు మోకాళ్లు పట్టేసి నూరో మెట్టు దగ్గరే కూర్చుండిపోయింది. ‘త్వరగా రా, ఈసారి పాలకుండ మనం మోద్దాం’ అని రాసింది.

హేమనాథ్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు, కళ్లు తుడుచుకున్నాడు, కీతో సరిచూశాడు. ఎనిమిదికి సున్నా వేసి, కింద ఎర్ర సిరాతో రాశాడు: “తన ఉత్తరాన్ని తానే సరిగా బట్టీ పట్టలేదు. తండ్రి సంతకం కావాలి.”