ముందుగదిలో మామగారి రేడియో

ఆ పొద్దున అల్లుడు పెట్టుకున్న పని చాలా చిన్నది. టేపు పట్టుకుని ముందుగది కొలవడం, అంతే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అతని కళ్లద్దాల కొట్టు కూలిపోయి, అద్దాల పెట్టెలన్నీ మంచం కిందకు చేరాయి. అత్తవారింటి ముందుగది వీధివైపుకే ఉంది. అక్కడ కొట్టు పెట్టుకోనిస్తే సంసారం గట్టెక్కుతుంది, లేకపోతే లేదు. అత్తగారు ఎప్పుడో సరేనన్నారు. మామగారు మాత్రం "వచ్చాక చెబుతాను" అనేసి, ఇంటికి కాపలాగా చిన్నకూతుర్నీ అల్లుణ్ణీ పెట్టి, భార్యతో సహా పెద్దకూతురి ఊరికి వెళ్లారు. ఆయన రిటైరైన రైలు గార్డు. ఆయన పచ్చజెండా ఊపందే ఆ ఇంట్లో కుర్చీ కూడా జరగదు.

ఆ గది మూలన ఒక పాత రేడియో ఉంది. రేడియో అంటే చేతిలో పట్టేది కాదు, సగం బీరువా అంత ఎత్తున, నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండేది. రోజూ సాయంత్రం మామగారు తలుపు దగ్గరగా వేసుకుని, దాని స్పీకరు మీది జాలీగుడ్డకు చెవి ఆనించి కూర్చుంటారు. సౌండు ఆయనకు తప్ప ఎవరికీ వినపడదు. బయటికొచ్చి "రేపు వాన" అంటారు. ఒక్కోసారి వస్తుంది కూడా. ఆ రేడియో మీద వాలడానికి ఈగక్కూడా అనుమతి లేదు.

అల్లుడు దాన్ని చేత్తో ముట్టుకోలేదు పాపం. టేపు గోడదాకా సాగడం లేదని భుజంతో కాస్త జరిపాడు. చెదలు తినేసిన ముందు కాలు పుటుక్కుమంది. రేడియో నిలువునా బోర్లాపడింది.

"ఏవండీ, ఏంటా చప్పుడు?" వంటింట్లోంచి భార్య అరిచింది.

"ఏం లేదు! టేపు పడింది!"

వెల్లకిలా తిప్పి చూస్తే పైప్రాణాలు పైనే పోయాయి. డయలు అద్దం ముక్కలైంది. పెట్టె నడిమికి చీలింది. అంతకన్నా ఘోరం, లోపల ఉండాల్సిన బల్బుల్లాంటి గాజు వాల్వులు ఒక్కటీ లేవు, వాటి గుంటలన్నీ ఖాళీ. ఎగిరిపడ్డాయనుకుని సోఫా కింద, చెప్పుల వెనక, చివరికి తన చొక్కా జేబులో కూడా వెతికాడు. గాజుపెంకు కూడా దొరకలేదు. పగలగొట్టాడంటే తిడతారు, వాల్వులు అమ్ముకున్నాడనుకుంటే? గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి, వాటన్నిటికీ గార్డు మామగారే.

భార్య వచ్చేసరికి రేడియో దుప్పటి కప్పుకుని ఉంది.

"దీనికేమైందండీ?"

"పాలిష్! మామయ్యగారు వచ్చేసరికి తళతళలాడించాలని..."

"మా ఆయన బంగారం!" అంటూ భార్య అక్కడికక్కడే తండ్రికి ఫోన్ కలిపింది. అల్లుడు వద్దనేలోగా అవతలి గొంతు గదంతా నిండింది.

"పాలిషా? దాని వెనకచెక్క ఎవడైనా విప్పాడా? విప్పితే ఊరుకునేది లేదు! రేపు సాయంత్రం బండికి వచ్చేస్తున్నా!"

"నాన్న సంతోషం పట్టలేక అలా అరుస్తున్నారు" అంది భార్య.

అల్లుడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. శవాన్ని మోసినట్టు రేడియోను అటక మీదికి ఎక్కించి, పాలిష్ షాపుకు పంపానని భార్యకు చెప్పి, పాత సామాన్ల షాపులన్నీ గాలించాడు. చివరి షాపులో, పరుపుల గుట్ట కింద, అచ్చం అలాంటిదే కనిపించింది. బేరం కూడా ఆడకుండా బండికెత్తించి రేడియో మెకానిక్ దగ్గర దింపాడు. అతన్ని అందరూ 'షాకు మాస్టారు' అంటారు.

"దీన్ని మీ తాతల కాలంలో ఆపేసుంటారు. ఇప్పుడు ఒక్కసారిగా కరెంటిస్తే ఢామ్మంటుంది" అన్నాడు మాస్టారు హుషారుగా. "కండెన్సర్లు మార్చా. కరెంటుకూ రేడియోకూ మధ్యలో ఈ బల్బు తగిలిస్తా. అది మసకబారితే మీ అదృష్టం. భగ్గున వెలిగిందో, పరిగెత్తండి."

అల్లుడు ముందే పరిగెత్తి తలుపు వెనక నక్కాడు. బల్బు భగ్గుమంది. అల్లుడు కళ్లు మూసుకుని ఇష్టదైవాలందర్నీ పేరుపేరునా పిలిచాడు. కాసేపటికి బల్బు మసకబారింది, రేడియో గొంతు సవరించుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా గరుకుకాగితంతో రుద్ది, రంగు ముదరడానికి పూత మీద పూత వేశాడు. సాయంత్రానికి అది మూలన నిలబడింది. అల్లుడికే నిలబడే ఓపిక లేదు.

మామగారు పెట్టె కూడా దింపకుండా గదిలోకొచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

"వెనకచెక్క విప్పారా?"

"లేదండీ, పైపైనే."

మామగారు ఊపిరి పీల్చుకుని తలుపు వేసుకున్నారు. అలవాటుగా గుండీని చివరిదాకా తిప్పి, చెవి ఆనించారు. వాల్వులు వేడెక్కాక, ఒక స్త్రీ కంఠం వీధి చివరిదాకా వినపడేలా బంగాళాదుంపల ధరలు చెప్పింది. దానికంటే గట్టిగా మామగారు కేకపెట్టారు.

అత్తగారు తలుపు తోసుకొచ్చారు. "ఇన్నేళ్లకు నాక్కూడా వినపడింది! రేపట్నుంచి అందరం ఇక్కడే కూర్చుని విందాం!"

"అందరూ బయటికెళ్లండి. అల్లుడొక్కడే ఉండాలి" అన్నారు మామగారు. తలుపు గడియ పడింది.

"మామయ్యగారూ, తప్పయిపోయింది! మీది పడేశాను, ఇది వేరేది. వాల్వులు మాత్రం నేను తియ్యలేదండీ, ఒట్టు, ఇల్లంతా వెతికా..."

మామగారు తలుపువైపు చూస్తూ అతని నోరు మూశారు.

"మెల్లిగా అఘోరించవయ్యా! ఎలా దొరుకుతాయి? పెళ్లయిన కొత్తలో బాగుచేస్తానని నేనే కాల్చేసి పారేశా. అది మీ అత్తయ్య పుట్టింటి రేడియో. ఇప్పటికీ చెప్పలేదు."

"మరి రోజూ ఏం వింటున్నారండీ?"

"ఏమీ వినను. జన్మంతా రైళ్ల మోత, ఇంటికొస్తే మీ అత్తయ్య. ఆ గంటసేపు నన్నెవరూ పలకరించరు. మోకాలు సలిపితే వానంటాను. ఈ గది నీకిచ్చేస్తే నేనెక్కడికి పోవాలి?"

అల్లుడికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లూ తనను వణికించిన మనిషి తనకంటే ఎక్కువ వణుకుతున్నాడు.

"చెక్కతెర కట్టిస్తానండీ. ముందు నా కొట్టు, వెనక మీ రేడియో. కొట్లో గట్టిగా మాట్లాడనివ్వను."

మామగారు తల ఊపారు. తర్వాత వెనకచెక్క విప్పారు.

మర్నాడు అత్తగారు వాకబు చేశారు. "నిన్నటి సౌండేదీ?"

"వినే చెవి ఉండాలే" అన్నారు మామగారు.

రెండు రోజులు చచ్చీచెడీ బాగుచేయించిన రేడియోను పాడుచేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎంతైనా ఆయనకు చేయి తిరిగిన పని.