అక్షరాలక్క కన్నీళ్ళు

మిగిలిన నలభై పేజీలూ మధ్యాహ్నంలోపు చూసేసి, పుస్తకాన్ని అచ్చుకి పంపేయాలి. ఆ ఉదయం కుర్చీలో కూర్చుంటూ అక్షరాలక్క అనుకున్నది ఇంతే. ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న ఆవిడ అసలు పేరు ఆ ప్రచురణ సంస్థలో సగంమందికి తెలియదు. ఆవిడ చూడనిదే ఒక్క కామా కూడా గడప దాటదని మాత్రం అందరికీ తెలుసు.

కంప్యూటర్ తెర మీద మూడో పేజీ దగ్గర కళ్ళు మండాయి. ఐదో పేజీకి నీళ్ళు ధార కట్టాయి. రుమాలుతో ఒత్తుకుంటూనే తప్పులు కాగితం మీద రాసుకుంటోంది.

"అక్కా, ఏడుస్తున్నావా?" అంది పక్క సీట్లో పేజీలు కూర్చే అమ్మాయి.

"లేదమ్మా, కళ్ళు మంట."

ఏడ్చేవాళ్ళంతా చెప్పేది అదేగా అనుకుని, ఆ అమ్మాయి తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. "సార్, నిన్న మీరన్న మాట అక్కకి బాగా తగిలినట్టుంది."

నిన్న తానేమన్నాడో మేనేజరుకి గుర్తు రాలేదు. కానీ ఏదో ఒకటి అనే ఉంటానని గట్టి నమ్మకం. అద్దాల తలుపులోంచి చూస్తే ఆవిడ కన్నీళ్ళతో ఏదో రాస్తోంది. "రాజీనామా!" అనుకున్నాడు ఆయన. వెంటనే ఆవిడ భర్తకి ఫోన్ చేశాడు. "మీరైనా వచ్చి నచ్చజెప్పండి."

టైలరు పని చేసే ఆ భర్త మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. "పొద్దున టీ చల్లారిందన్నాను. తప్పయిపోయింది. రేపట్నించి నేనే పెడతా!"

"లేదండీ, తప్పు నాది," అన్నాడు మేనేజరు.

"కాదు సార్, నాదే."

ఇద్దరూ తప్పు కోసం పోటీపడుతుంటే అక్షరాలక్క లేచి నిలబడింది. "మహాప్రభో! ఎవరైనా నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి!"

కింది అంతస్తులోనే ఉన్న డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఆఫీసులో ఎక్కడ ఎలా కూర్చుంటుందో అడిగి నవ్వింది. "కళ్ళకి జబ్బేం లేదండీ. తెర చూస్తూ రెప్ప వెయ్యడం మర్చిపోతున్నారు. ఏసీ గాలి తిన్నగా మొహానికే కొడుతోంది. కళ్ళజోడు మార్చి ఎన్నేళ్ళయింది? వీటన్నిటికీ మించి బుర్ర అలిసిపోయింది. అలిసిన బుర్ర కాగితం మీద ఉన్నది చదవదు, ఉండాల్సింది చదువుతుంది. ముందు ఓ గంట పడుకోండి."

మేనేజరు తన గదిలో సోఫా ఇచ్చి, తలుపు దగ్గర తానే కాపలా నిలబడ్డాడు. గంట తర్వాత ఆవిడ మొహం కడుక్కుని వచ్చేసరికి, అందరి సంతకాలతో పుస్తకం అట్ట అచ్చుకి బయల్దేరుతోంది. ఆవిడ ఒక్క చూపు చూసింది.

"ఆపండి! ఇది పిల్లల నిఘంటువా, పిల్లుల నిఘంటువా?"

అందరూ మీదపడి చూశారు. పిల్లులే.

"వారం రోజులుగా చూస్తున్నాం! ఏం కన్నమ్మా మీది!" అన్నాడు మేనేజరు చేతులు జోడించి.

ఆవిడ అట్ట మీద మొదటి సంతకం చూపించింది. "ఇది నాదే సార్. నిన్న నేనూ పిల్లలనే చదివాను."

ఎవరూ అడగని తప్పును ఆవిడ అలా ఒప్పుకోవడం చూసి, మిగతా సంతకాలవాళ్ళు తల దించుకున్నారు.

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం పావుగంట అందరూ కళ్ళు మూసుకోవాలని ఆఫీసులో ఉత్తర్వు వెలిసింది. అప్పటిదాకా ఆ పని చాటుగా చేసేవారు.