గోదావరి బ్రిడ్జి మీద ఆగిన బస్సు

...కాబట్టి ఈ లోకంలో ఏ తప్పూ చేయనిది సాఫ్ట్‌వేర్ ఒక్కటే; తప్పులన్నీ దాన్ని వాడేవాడివే. తెర ముందు కూర్చున్న శ్రీహరి ఈ సత్యాన్ని ఎవరూ అడగకుండానే అంగీకరించాడు. ‘తెలియని దోషం ఏర్పడింది’ అంటోంది తెర. దోషమేమిటో దానికీ తెలియదు. అయినా ‘సరే’ అనే బొత్తాం ఒక్కటే ఇచ్చింది. ‘సరే కాదు’ అనే బొత్తాం ఎక్కడా ఉండదు. (పెళ్లిపీటల మీదా ఉండదు అనుకుని, వెంటనే ఆ ఆలోచనను వెనక్కి తీసుకున్నాడు.)

విషయం చిన్నది. శ్రీహరి పెద్దపల్లిలో రైస్‌మిల్లు గుమాస్తా. భార్య జమున మస్కట్‌లో నర్సు. ఈసారి బతుకమ్మకు ఆమెకు సెలవు దొరకలేదు. బెల్లంపల్లిలోని తల్లిగారింటికి పోకుండా బతుకమ్మ గడపడం ఆమెకు అలవాటు లేని పని. అందుకని శ్రీహరి కంప్యూటర్‌లో ఒక బస్సు ఆట పట్టుకుని, అందులోని పరాయి దేశపు రోడ్లు పీకేసి, పెద్దపల్లి నుంచి బెల్లంపల్లి దాకా రోడ్డు పరిచాడు. ఇలా ఆటకు సొంత హంగులు తగిలించడాన్ని మాడింగ్ అంటారు. ఆ హంగులను వరుసలో నిలబెట్టే సాఫ్ట్‌వేర్ పేరు మాడ్ మేనేజర్. శుక్రవారం వీడియో కాల్‌లో జమున బస్సెక్కి తల్లిగారింటికి పోవాలి. అదీ పథకం.

పోయిన శుక్రవారం బస్సు గోదావరి బ్రిడ్జి మధ్యలో ఆగిపోయింది. ‘తెలియని దోషం, బహుశా మెమరీ చాలదు’ అన్నాడు మాడ్ మేనేజర్.

“నిజం బస్సప్పుడు గూడ గిట్లనే జేస్తుంటివి గదయ్యా,” అంది జమున. “మా తల్లిగారిల్లంటే చాలు, ఒకపారి మిల్లుల లోడు, ఒకపారి నడుంనొప్పి. ఇప్పుడు గిదొకటి దొరికింది నీకు.”

“జర ఆగవే. వచ్చే శుక్రవారం పక్కా.”

“గది గూడ దాటితే సద్దుల బతుకమ్మతోని పండుగ అయిపోతది. ఇగ నీ బస్సు ఎవలికి?”

ఫోన్ పెట్టేసింది.

ఆ మాటను శ్రీహరి చాలాసేపు లోపల తిప్పి చూసుకున్నాడు. ఇష్టం లేని పనిని మనిషి తనకు తెలియకుండానే చెడగొట్టుకుంటాడట. బ్రిడ్జి కట్టింది తనే. మరి దాని మీద బస్సు ఆపిందెవరు? మామ సాంబయ్య ఎదుట కూర్చున్నప్పుడల్లా ఇద్దరి మధ్యా పరుచుకునే మౌనం గుర్తొచ్చింది. (ఈ అనుమానాన్ని మేనేజర్ ఖండించలేదు.)

మాడ్ మేనేజర్ వాడకందార్ల సహాయ సంఘానికి అర్జీ పెట్టుకున్నాడు. ‘సీనియర్ సమస్యా పరిశీలకుడు, రెండవ శ్రేణి’ అనే హోదా గల వ్యక్తి జవాబిచ్చాడు. నిబంధన ప్రకారం, ప్రశ్న అడిగే ముందు దాన్ని ఇదివరకు ఎవరైనా అడిగారేమో వెతకాలి. అడిగి ఉంటే మళ్లీ అడగరాదు. అడిగి ఉండకపోతే అది సమస్యే కాదు. అయినా దయతలచి ఒక సలహా: ‘ప్రయాణికులను తొలగించండి. మెమరీ తినేది వాళ్లే.’ (రవాణా రంగంలో ఇంత నిజాయితీగా ఎవరూ మాట్లాడి ఉండరు.) శ్రీహరి తొలగించాడు. బస్సు ఖాళీగా, మునుపటికంటే హుషారుగా వచ్చి, అదే బ్రిడ్జి మీద ఆగింది.

ఇక మిగిలింది మెమరీ పెంచడమే. కొత్త ర్యామ్ ముక్క తెచ్చి, డబ్బాలో ఖాళీగా ఉన్న గాడిలో నొక్కాడు. కంప్యూటర్ కుయ్యిమని అరిచింది. ఇప్పుడు తెర మీద దోషం కూడా కనిపించడం లేదు.

కంప్యూటర్ షాపు కొమురెల్లి ఫోన్‌లోనే తీర్పు చెప్పాడు. “ఫార్మాట్ గొడ్దామన్నా.”

“తెరనే వస్తలేదు. ఏం ఫార్మాట్ గొడ్తవు?”

“ఏదైతేంది గని, గొడితే మనసుకు నిమ్మలమైతది.”

ర్యామ్ కంపెనీ సహాయ కేంద్రం ఇంకా పద్ధతిగా మాట్లాడింది. “కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేయండి.” ఆన్ కావడం లేదన్నాడు. “అయితే మొదటి సగం పూర్తయినట్టు నమోదు చేస్తున్నాం.”

శుక్రవారం రానే వచ్చింది. పొద్దున తల్లి అనసూర్య చాయ్ తెచ్చింది.

“గంత పరేషాన్ ఏంది కొడుకా?”

“కొత్త ముక్కను తీసుకుంటలేదే గిది.”

“అట్లెట్ల? పోయిన దసరాకు మంచిగ పూజ జేస్తి గద దానికి.”

శ్రీహరి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “ఏడ జేసినవ్?”

“ఏడేంది, లోపల. బయటి రేకుకు బొట్టు పెడితే ఏం ఫలం? పానం లోపలుంటది గద. కాలీగున్న సందుల్ల ఇంకింత ఎక్కువ పెట్టిన. అవి గూడ నిండాలె గదరా.”

(వేడెక్కకుండా డబ్బా పక్క రేకు ఊడదీసి ఫ్యాన్ పెట్టడం మన దగ్గర ఆచారం. తెరిచి కనిపించిన యంత్రానికి దసరా నాడు బొట్టు పెట్టడం అంతకంటే పాత ఆచారం. ఈ రెండూ కలుసుకునే స్థలాన్ని మదర్‌బోర్డు అంటారు.)

ర్యామ్ ముక్క ఊడదీసి, టార్చి వేసి చూశాడు. గాడి నిండా కుంకుమ, ఏడాది పాటు గట్టిపడి, ఎర్రగా ఉంది. పాత టూత్‌బ్రష్‌తో ఓపికగా దులిపి, ముక్కను మళ్లీ నొక్కితే తెర వెలిగింది. ఇన్నాళ్లూ అనుమానించిన తన అంతరంగం నిర్దోషి అని తేలినందుకు ఎందుకో కొంచెం నిరాశ కలిగింది.

మధ్యాహ్నం బస్సు బయల్దేరింది. వీడియో కాల్‌లో జమున చూస్తోంది. బ్రిడ్జి వచ్చింది. బ్రిడ్జి పోయింది.

“గోదాట్ల నీళ్లు గంత నీలమెప్పుడైనయయ్యా?”

“ఆట నీళ్లు. నోరు మూసుకోని సూడు.”

మంచిర్యాల దాటింది. బెల్లంపల్లిలో బొగ్గు మసి పట్టిన గోడలు, సందు మలుపు, పచ్చ గేటు. బస్సు ఆ గేటు ముందు ఆగింది.

జమున ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. “గేటు రంగు నీకెట్ల యాదికున్నది?” అంది. తర్వాత నవ్వబోయి, “తలుపు తియ్యి. దిగుత,” అంది.

శ్రీహరి తలుపు బొత్తాం నొక్కాడు. తలుపు తెరుచుకుంది. మెమరీ ఆదా నిమిత్తం ప్రయాణికులందరినీ ఇదివరకే తొలగించినందున, ఎవరూ దిగలేదు.